నాలుగు గంటల గీత: కాన్పు కాగితం చరిత్ర

 

మేము హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నం. పాతబస్తీలో పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి పేరు మీలో చాలామంది వినే ఉంటరు. ఇదే పాతబస్తీలో, ఇప్పటి హైకోర్టు దగ్గర, నిజాం కాలంలో 1906లో విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాదిరాయి వేసిండ్రు. పట్నం ఆడవాళ్ళకు కాన్పుకు ఒక చోటు దొరికింది. మన గూడేలకు, తండాలకు మాత్రం ఆ తర్వాత చాలా ఏండ్లు మంత్రసాని చేతులే దిక్కు. ఆ చేతులను మేము తక్కువ చెయ్యం, మన పెద్దలు ఆ చేతుల్లోనే పుట్టిండ్రు. కానీ నొప్పులు మొదలైనంక ఎంతసేపు ఆగొచ్చు, ఎప్పుడు బండి కట్టాలి అని చెప్పే కొలత అప్పుడు పెద్ద డాక్టర్ల దగ్గర కూడా సరిగ్గా లేదు.

1954లో అమెరికాలో ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్ అనే డాక్టర్ తొలిచూలు తల్లులు 100 మందిని గమనించి, గర్భసంచి ముఖద్వారం గంటగంటకు ఎంత తెరుచుకుంటుందో గ్రాఫ్ గీసిండు. అయితే మనం గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు ఫిల్‌పాట్, కాజిల్. ఈ ఇద్దరు 1972లో అప్పటి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో పనిచేసిండ్రు. అక్కడ నల్లజాతి తల్లులకు దూరపు క్లినిక్‌లలో కాన్పు చేసేది నర్సులే, డాక్టర్ ఉండేది పట్నంలో. వాళ్ళ కోసం ఆ గ్రాఫ్ మీద రెండు గీతలు గీసిండ్రు. మొదటిది హెచ్చరిక గీత, గంటకు 1 సెంటీమీటరు లెక్కన. దానికి 4 గంటల అవతల రెండోది, చర్య గీత. తల్లి మొదటి గీత దాటితే పెద్దాసుపత్రికి పంపాలి. మధ్యలో ఉన్న ఆ 4 గంటలు దారి కోసం ఇచ్చిన టైమ్. దీన్నే పార్టోగ్రాఫ్ అంటరు. బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు, ఉమ్మనీటి రంగు, తల్లి బీపీ అన్నీ ఆ ఒక్క కాగితం మీదే రాస్తరు.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఇండోనేషియా, మలేషియా, థాయ్‌లాండ్‌లలో 35,484 మంది తల్లుల మీద పరీక్షించింది. 1994లో ఫలితాలు వచ్చినయి. 18 గంటలు దాటి సాగే కాన్పులు 6.4 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గినయి. అంత లాభం ఒక కాగితం, ఒక పెన్నుతో వచ్చింది. అందరి శరీరం గంటకు 1 సెంటీమీటరు లెక్కన నడవదని తర్వాత తేలింది. అందుకే 2020లో ఆ సంస్థ కొత్త కాగితం తెచ్చింది. అందులో అసలు నొప్పులను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కిస్తరు.

మిత్రులారా, ఆ 4 గంటలు లెక్కగట్టినప్పుడు బండి వస్తది, రోడ్డు ఉంటది అనుకున్నరు. వానకాలంలో వాగు పొంగితే, డోలీ మోసుకొని రోడ్డెక్కాల్సి వస్తే, మన తల్లుల 4 గంటలు ఊరి పొలిమేరలోనే అయిపోతయి. అందుకే రోడ్డు, 108, నర్సు పోస్టు అడగడమంటే ప్రాణం అడగడమే.

మన ఇండ్లల్లో ఎవరినైనా కాన్పుకు తీసుకపోతే మూడు మాటలు మర్యాదగా అడగండి: ఎన్ని సెంటీమీటర్లు? చివరిసారి ఎప్పుడు చూసిండ్రు? చార్ట్ రాస్తున్నరా? నర్సింగ్, ఏఎన్ఎం చదివే మన చెల్లెళ్ళు ఆ కాగితాన్ని కాన్పు అయినంక కాదు, నొప్పులు నడుస్తున్నప్పుడే నింపాలి. అప్పుడే అది పనికొస్తది.