మూడో అంకెలో దొరికిన ఆర్గాన్

సంతలో తూకం కాస్త తగ్గినా "పర్లేదులే" అనుకుంటే నష్టం ఎవరికో మన పెద్దలకు తెలుసు. ల్యాబ్‌లోనూ అంతే.

1890ల్లో ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ నైట్రోజన్ తూచాడు. ఒకే గాజుబుడ్డిలో గాలి నుంచి తీసింది 2.310 గ్రాములు, రసాయనాల నుంచి తయారుచేసింది 2.299 గ్రాములు. రెండు సార్థక అంకెలకు కుదిస్తే రెండూ 2.3 గ్రాములే, తేడా మాయం! కానీ ఎన్నిసార్లు తూచినా ఆ తేడా పోలేదు. అంటే ప్రెసిషన్ ఉంది. మరి గాలి నైట్రోజన్ ఎందుకు బరువు? అందులో ఇంకో వాయువు కలిసి ఉంది. దాన్ని స్వచ్ఛమైన నైట్రోజన్ బరువు అనుకుంటే యాక్యురసీ లేనట్టే.

1894లో విలియం రామ్సేతో కలిసి ఆ వాయువును పట్టుకున్నారు. అదే ఆర్గాన్. 1904లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అందుకే ప్రాక్టికల్స్‌లో పక్కవాళ్ల రీడింగ్ చూసి మీది దిద్దకండి. త్రాసు చూపిన అంకెలన్నీ రాయండి, చూపనివి కలపకండి.