కాపలావాడి కళ్ళు గప్పిన కథ

పోయిన సంక్రాంతికి అనకాపల్లి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు విప్పాడు. అందులో అగ్గిపెట్టె కన్న కాస్త పెద్దవైన నల్లని డబ్బాలు రెండు, పొడుగాటి తీగ, ఒక మీట ఉన్నాయి. విదేశంలో ఉన్న స్నేహితుని చేత తెప్పించుకున్నాడట. "లేజర్ జామర్ మావయ్యా! మన ఆల్టో ముందు బంపరులో, నంబరు ప్లేటుకి అటొకటి ఇటొకటి బిగించేస్తే చాలు. హైవే మీద పోలీసులు గన్ను పెట్టినా స్పీడు పడదు" అన్నాడు. నీకు తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉన్నాడా అని కూడా అడిగాడు.

మెకానిక్ సంగతి దాటవేశాను గాని, ఆ పెట్టె మాత్రం నన్ను వదలలేదు. వేగాన్ని కొలిచేవాడికీ, కొలతకు చిక్కకుండా పోవాలనుకునేవాడికీ నడుమ ఈ దాగుడుమూతలు నిన్నటివి కావు.

1865లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే బండి ఊళ్ళో గంటకు రెండు మైళ్ళు మించరాదు, దాని ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. జెండా నిబంధన తరువాత సడలింది కాని, వేగపరిమితి మిగిలింది. 1896 జనవరిలో కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు ఎనిమిది మైళ్ళ వేగంతో, అంటే మన లెక్కలో సుమారు 13 కిలోమీటర్లతో, మోటారుబండి తోలాడు. ఒక పోలీసు సైకిలెక్కి ఆయనను వెంబడించి పట్టుకున్నాడు. అతివేగానికి పడిన జుల్మానా ఒక షిల్లింగు. సైకిలుకు చిక్కిన కారు అది!

1903 చట్టం పరిమితిని ఇరవై మైళ్ళకు పెంచి, బండికి నంబరు పలక తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి పోలీసులు పొదల చాటున పొంచి, కొలిచిన దూరానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలిచి, గడియారంతో వేగం లెక్కగట్టేవారు. దీనికి విరుగుడుగా మోటారు యజమానులు 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం మనుషులు సైకిళ్ళ మీద తిరుగుతూ, ముందు పోలీసులున్నారని సభ్యులను హెచ్చరించేవారు. ఇది పోలీసు విధులకు ఆటంకమేనని 1910 నాటికి న్యాయస్థానం తేల్చింది. సంఘంవారు వెంటనే పద్ధతి మార్చారు. మామూలుగా మా మనిషి మీకు సలాము చేస్తాడు, చేయకపోతే ఆగి ఎందుకని అడగండి అన్నారు. సలాము చేయనందుకు ఎవరిని జైల్లో పెడతారు? ఈ తెలివికి నేనూ ఒక సలాము కొట్టాను.

ఆ తరువాత కథ త్వరగా నడిచింది. 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం మీద పనిచేసే రాడార్ రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా రోడ్ల మీదికి వచ్చింది. 1974లో, చమురు కరవు వేళ, అక్కడ దేశమంతటా 55 మైళ్ళ పరిమితి విధించేసరికి, రాడార్‌ను పసిగట్టే పెట్టెలకు గిరాకీ పెరిగింది. పసిగట్టే పెట్టెను ఓడించడానికే పోలీసులు లేజరును అందుకున్నారు.

ఎందుకంటే రాడార్ కిరణం వెడల్పుగా పరచుకుంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. లేజర్ అలా కాదు. మూడువందల మీటర్ల దూరాన కూడా దాని మచ్చ వెడల్పు సుమారు ఒక మీటరే. కంటికి కనిపించని పరారుణ కాంతి అది, సుమారు 905 నానోమీటర్లు. తుపాకీ సెకనుకు వందల మెరుపులను పంపి, ఒక్కొక్కటీ తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. మూడువందల మీటర్లు పోయి రావడానికి కాంతికి రెండు మైక్రోసెకన్లు చాలు. ఆ కాలం క్రమంగా ఎలా తగ్గుతున్నదో చూసి వేగం చెబుతుంది. బండి మొత్తంలో వెలుగును బాగా తిప్పికొట్టేది నంబరు ప్లేటు, ఆ తరువాత హెడ్‌లైట్లు. గురి అక్కడికే. అందుకే జామరుకూ అక్కడే చోటు.

జామరు చేసేదల్లా తుపాకీ మెరుపును గుర్తించి, అసలు ప్రతిఫలనం కన్న ముందుగానో, దానితో కలిపో దొంగ మెరుపులను పంపడం. తుపాకీకి లెక్క కుదరదు. చిన్న కారుకు ముఖం చిన్నది గనుక రెండు డబ్బాలతో సరిపోతుందని మావాడి వాదన. అవి రోడ్డుకు సమాంతరంగా, సూటిగా ముందుకు చూడాలి, ప్లాస్టిక్ జాలీ వెనుక దాగకూడదు, పైన బురద పేరుకోకూడదు. మన రోడ్ల మీద ఈ చివరి షరతు ఒక్కటే చాలు వాటి పని పట్టడానికి. పైగా కొత్త తుపాకులు కొన్ని మెరుపుల మధ్య విరామాన్ని మారుస్తూ, జామరు ఉందని పసిగట్టి పోలీసుకే చెప్పేస్తాయి. కాలిఫోర్నియా, టెక్సస్ వంటి రాష్ట్రాలు ఈ పెట్టెలను నిషేధించాయి. మన దగ్గర ప్రభుత్వోద్యోగి విధులను అడ్డగించడం నేరమన్నది పాత శిక్షాస్మృతిలో 186వ సెక్షన్, 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 221వ సెక్షన్. సలాము కొట్టే మనిషిని చిక్కించుకున్న న్యాయసూత్రమే ఇదీను.

ఇదంతా చెబితే మావాడు ఒప్పుకోలేదు. "బోర్డు ఉండదు, ఫ్లైఓవరు దిగేచోట చెట్టుచాటున ఉంటారు, అది భద్రతా, వసూలా?" అన్నాడు. ఈ మాటను నేను కొట్టిపారేయలేను. చట్టం కూడా కొట్టిపారేయలేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో ఎలక్ట్రానిక్ నిఘాకు 136ఎ సెక్షన్ చేరింది. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నియమం ప్రకారం పరికరానికి ధ్రువీకరణ ఉండాలి, నిఘా ఉందని తెలిపే హెచ్చరిక బోర్డులు ప్రస్ఫుటంగా పెట్టాలి. ఇంగ్లండులో ఆనాడు నేరమైన హెచ్చరిక ఇక్కడ సర్కారు బాధ్యతగా మారింది. బోర్డు లేనిచోట అడగవలసింది బోర్డునే.

సలాము చేయని మనిషికీ ఈ పెట్టెకూ ఒక భేదం ఉంది. అతను హెచ్చరిస్తే బండి నెమ్మదించేది. పెట్టె బిగించిన బండి నెమ్మదించనక్కర లేదు, వేగం అలాగే ఉండి అంకె మాత్రం మాయమవుతుంది. అనకాపల్లి రోడ్డు మీద ఇది చిన్న భేదం కాదు. తుని నుంచి అనకాపల్లి దాకా 59 కిలోమీటర్ల మేర నాలుగు వరుసల రోడ్డు 2004లో పూర్తయింది. అప్పుడది ఐదవ నంబరు జాతీయ రహదారి, 2010 నుంచి పదహారు. రోడ్డు నాలుగు వరుసలైంది గాని, పొలాలు ఒక పక్కా ఊళ్ళు ఒక పక్కా ఉండిపోయాయి. బెల్లం వండే రోజుల్లో చెరుకు బళ్ళు, ట్రాక్టర్లు దాన్ని దాటక తప్పదు. నూరు కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, డ్రైవరు తేరుకొని బ్రేకు మీద కాలు వేసేలోగానే, ఒక సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు గనుక ఆగి, మర్నాడు యలమంచిలి బయల్దేరాం. బండి మావాడే నడిపాడు. కశింకోట దాటాక ఎదురు దారిలో వస్తున్న లారీవాడు రెండుసార్లు లైట్లు ఆర్పి వెలిగించాడు. "పోలీసులు మావయ్యా!" అని వాడు కాలు తీశాడు. పోలీసులెవరూ లేరు. డివైడరు సందులోంచి చెరుకు ట్రాక్టరు ఒకటి, వెనకాల ఎర్రదీపమైనా లేకుండా, నిదానంగా రోడ్డు దాటుతోంది. పైన గడల మీద ఇద్దరు పిల్లలు కూర్చున్నారు.