గోపాలపురం సముద్రతీరాన ఒక పాత హోటల్ – దాని యజమానులు

బరంపురం నుండి ఆగ్నేయంగా సుమారు 16 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే గోపాలపురం చేరవచ్చు. చిన్న ఊరు. ఒక దీపస్తంభం, ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, ఒడ్డున పడవలు, వలలు. ఈ ఊరికి దేశవిదేశాలలో పేరు తెచ్చిన కట్టడం ‘పామ్ బీచ్ హోటల్’. విహారయాత్రలకు వెళ్ళిన మన విద్యార్థులలో అనేకులు దానిని ప్రహరీగోడ బయటి నుండి చూసినవారే. ఆ భవనం చరిత్రలో గంజాం జిల్లా శతాబ్ది చరిత్ర కూడా ఇమిడి ఉన్నది.

రైలు రాకముందు గంజాం ప్రాంతానికి సముద్రమే రాజమార్గం. గోపాలపురంలో ఓడలు ఒడ్డును చేరగల సహజమైన నౌకాశ్రయం లేదు. ఆవిరి ఓడలు దూరాన లంగరు వేసి నిలిచేవి. సరుకును, ప్రయాణికులను కెరటాల మీదుగా చేరవేయడానికి మసూలా పడవలే ఆధారం. ఈ పడవ నిర్మాణం విశిష్టమైనది. ఇందులో ఇనుప మేకులు వాడరు. పలకలను కొబ్బరి పీచు త్రాళ్ళతో కుట్టి బిగిస్తారు. మేకులతో బిగించిన పడవ కెరటం తాకిడికి చీలిపోవచ్చును గాని, కుట్టిన పడవ కొంత వంగి ఆ తాకిడిని తట్టుకొంటుంది. వీటిని నడిపినవారు ఈ తీరాన తరతరాలుగా నివసిస్తున్న తెలుగు మత్స్యకారులు. ఒడియా ప్రజలు వీరిని ‘నోలియాలు’ అని పిలుస్తారు.

ఈ రేవు నుండే గంజాం ప్రాంతపు తెలుగువారు, ఒడియావారు వేల సంఖ్యలో జీవనోపాధికై బర్మా వెళ్ళారు. రంగూను రేవులలోను, బియ్యపు మిల్లులలోను శ్రమించి ఇంటికి డబ్బు పంపించారు. బరంపురం పరిసరాలలోని ఎన్నో కుటుంబాలలో ‘రంగం వెళ్ళిన తాతగారి’ ప్రస్తావన నేటికీ వినవస్తుంది.

1893-96 సంవత్సరాల మధ్య బెజవాడ నుండి కటకం వరకు తూర్పు కోస్తా రైలుమార్గం ఏర్పడినది. బరంపురం ఆ మార్గంలోని స్టేషను అయినది. కలకత్తా నుండి గాని మద్రాసు నుండి గాని గోపాలపురం చేరడం సులభమైనది. వేసవి తాపం భరించలేని ఆంగ్లేయులకు ఈ తీరం విశ్రాంతి స్థలంగా తోచినది. ఈ పరిస్థితులలో 1914లో మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు ఇక్కడ పామ్ బీచ్ హోటల్‌ను నెలకొల్పాడు. సముద్రతీర విహారానికై భారతదేశంలో నిర్మించిన మొదటి హోటల్ ఇదేనని చెప్పుకుంటారు. అదే సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనది. సెప్టెంబరులో జర్మను నౌక ఎమ్డెన్ ఈ బంగాళాఖాతంలోనే సంచరిస్తూ మద్రాసుపై గుండ్లు కురిపించినది. అటువంటి ఏడాది పుట్టిన విశ్రాంతి గృహం శతాబ్దికి పైగా నిలిచి ఉండడం విశేషమే.

హోటల్ వెలసిన నాడు గంజాం మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం, గోపాలపురం అందులో చేరాయి. జిల్లాలోని దక్షిణ భాగం మద్రాసు రాజధానిలోనే మిగిలిపోయినది. భవనం కదలలేదు, ప్రజలు కదలలేదు. సరిహద్దు రేఖ మాత్రం కదలినది. నాటి నుండి ఇక్కడి తెలుగువారు మాతృభాషను ఇంటిలోను బడిలోను కాపాడుకుంటూ, ఒడియా భాషను ఆదరిస్తూ, ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి జీవించడం నేర్చుకున్నారు.

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో రంగూను ప్రయాణాలు నిలిచిపోయాయి. అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం చేరిన వారి కష్టాలు వర్ణనాతీతం. గోపాలపురం రేవు మూగవోయినది. ఊరికి మిగిలినవి చేపల వేట, సముద్రపు గాలి, ఆ గాలికై వచ్చే అతిథులు.

1947లో, స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, హోటల్ మోహన్ సింగ్ ఒబెరాయ్ యాజమాన్యం క్రిందికి వచ్చినది. ఈయన జీవితం విద్యార్థులు తెలుసుకోదగినది. 1898లో నేటి పాకిస్తాన్‌లోని ఒక గ్రామంలో జన్మించి, పసితనంలోనే తండ్రిని కోల్పోయాడు. తల్లి ఇచ్చిన 25 రూపాయలతో సిమ్లా చేరి, సెసిల్ హోటల్‌లో నెలకు 50 రూపాయల జీతంపై గుమాస్తాగా కుదిరాడు. 1934లో ఆస్తిని, భార్య నగలను తాకట్టు పెట్టి సిమ్లాలోని క్లార్క్స్ హోటల్‌ను కొన్నాడు. 1938లో కలకత్తాలోని గ్రాండ్ హోటల్‌ను గుత్తకు తీసుకున్నాడు. కలరా వ్యాపించి మూతపడిన హోటల్ అది. పిదప 1943లో, తాను గుమాస్తాగా పనిచేసిన సెసిల్ హోటల్‌తో సహా అనేక హోటళ్ళు గల సంస్థపై ఆధిపత్యం పొందాడు. విదేశీయులు తమ విశ్రాంతికై నెలకొల్పుకున్న గోపాలపురం హోటల్ ఈ విధంగా స్వశక్తితో ఎదిగిన భారతీయుని చేతికి వచ్చినది. దశాబ్దాల పాటు అది ఒబెరాయ్ పేరుతోనే ప్రసిద్ధి పొందినది. ఆయన 2002లో పరమపదించాడు. అనంతర కాలంలో యాజమాన్యం మారి, హోటల్ ఒడిశాలోనే పుట్టి పెరిగిన మేఫెయిర్ సంస్థకు చెందినది. ఆ సంస్థ భవనాన్ని పునరుద్ధరించి పామ్ బీచ్ అనే పాత పేరును నిలిపినది.

ప్రకృతి కూడా ఈ ఊరిని పలుమార్లు పరీక్షించినది. 1999 అక్టోబరులో ఒక పెను తుపాను ఇక్కడ తీరాన్ని తాకినది. 2013 అక్టోబరు 12 రాత్రి ‘ఫైలిన్’ తుపాను గోపాలపురం సమీపాననే తీరం దాటినది. ముందుగానే లక్షలాది ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించడం వలన ప్రాణనష్టం బహుస్వల్పమైనది. కాని మత్స్యకారుల పడవలు, వలలు, ఇండ్లు అపారంగా దెబ్బతిన్నాయి.

ఈ చరిత్రలో యజమానుల పేర్లు స్పష్టంగా ఉన్నాయి: ఒక ఇటలీ దేశస్థుడు, ఒక పంజాబీ, ఒక ఒడిశా సంస్థ. వారి పేర్లు దస్తావేజులలో పదిలంగా ఉంటాయి. కాని ఓడల నుండి ప్రయాణికులను భుజాలపై ఒడ్డుకు చేర్చినవారు, అతిథులు కెరటాలలో చిక్కినప్పుడు రక్షించినవారు, వంటశాలకు తెల్లవారక ముందే తాజా చేపలు మోసుకొచ్చిన స్త్రీలు ఏ దస్తావేజులోను కానరారు. వారిలో అనేకులు మన భాష మాట్లాడినవారు. వారి చరిత్ర ఇంటి పెద్దల నోట మాత్రమే మిగిలినది. ఆ పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు.

గంజాం తీరపు తెలుగు కుటుంబాల బిడ్డలు తాతలను, అవ్వలను కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఏ ఓడపై రంగూను వెళ్ళారు? ఏ పడవను ఎవరు కుట్టారు? తిరిగివచ్చిన నాడు ఒడ్డున ఎవరు ఎదురుచూశారు? ఆ సమాధానాలను తెలుగులో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచినచో చాలును. తెలుగు బడి బిడ్డలకు అక్షరం నేర్పినది ఇందుకు కూడా.