భుజం లెక్క

"ఇంకా పైకి చాపు బిడ్డా. పోగు సడలనియ్యకు."

చాపాను. ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టిన చెక్క చట్రం. ఒక కొసన ఒంటి మేకు, అవతలి కొసన నెలవంకలా వరసగా పుల్లలు. వేళ్ల మధ్య నూలు పోగు. మేకు దగ్గర మొదలుపెట్టి, మీటరు అవతల ఉన్న పుల్లను చుట్టి, మళ్లీ మేకు దగ్గరికి రావాలి. మళ్లీ పోవాలి. ఇక్కడివాళ్లు దీన్ని ఆసు పోయడం అంటారు. పేక నూలును ఇట్లా పరిచాకే దాని మీద డిజైను గుర్తులు పెట్టి, రబ్బరు పీలికలు బిగించి, రంగులో ముంచేది. కట్టు ఉన్నచోట రంగు అంటదు. పోచంపల్లి చీర మీద పువ్వు అంచులు మసకగా చెదిరినట్టుండే ఆ అందమంతా ఇక్కడ మొదలవుతుంది.

నలభై దాకా లెక్కపెట్టాను. అరవై దగ్గర భుజంలో సన్నగా మంట. వందకు ముందే లెక్క తప్పింది. చీరకు 9,000 సార్లు పోయాలి. సారికి మీటరు చొప్పున వేసుకున్నా, కూర్చున్నచోటి నుంచి లేవకుండా చెయ్యి 9 కిలోమీటర్లు నడుస్తుంది. నాకు ఆసు చూపిస్తున్న ముసలమ్మ నవ్వి నన్ను పక్కకు జరగమంది. తను మాత్రం కూర్చోలేదు. కుడి చెయ్యి చెవి దాకా లేస్తుంది, అంతే. ఆపైన లేవదట.

నేనూ నా మిత్రుడూ హైదరాబాద్‌లో చిన్న డిజైన్ స్టూడియో పెట్టబోతున్నాం. సమాజానికి పనికొచ్చే పనే చేయాలని పంతం. ఆ మాట బోర్డు మీద ఎట్లా రాయాలో మాత్రం నెల నుంచి తేల్చుకోలేకపోతున్నాం. ఏ అక్షరాలు వాడాలన్న దాని మీదే రెండు సాయంత్రాలు వాదించుకున్నాం, సిగ్గు లేకుండా. అందుకే బస్సెక్కి ఆలేరు వైపు వచ్చాను. ఆసు పోసే యంత్రం చేసిన చింతకింది మల్లేశం ఊరు శారాజీపేట ఈ చుట్టుపక్కలదే.

ఆయన కథ ఇప్పుడు అందరికీ తెలుసు. 2017లో పద్మశ్రీ, 2019లో సినిమా. చిన్నప్పుడే బడి మాని మగ్గం ఎక్కిన మనిషి, అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టాడు. చేతిలో డబ్బులన్నీ విడిభాగాలకే పోయాయి. ఊళ్లో పిచ్చి అన్నారు. పోగు కిందికీ పైకీ పోవడం ఒక చిక్కు, పుల్లను చుట్టడం ఇంకో చిక్కు, పుల్ల నుంచి పక్క పుల్లకు జరగడం వేరే చిక్కు. బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు ఒక యంత్రం కదలిక చూస్తే చివరి ముడి విడింది. యంత్రం పూర్తయ్యేసరికి 1999. దానికి అమ్మ పేరే పెట్టాడు.

నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది ఆ పట్టుదల కథ కాదు.

"ఆసుకు కూలెంత వచ్చేది?" అని అడిగాను.

"ఇంటి పనికి కూలేంది బిడ్డా?"

మగ్గం మీద ఆమె కొడుకు తలెత్తకుండానే నాడె విసిరాడు. చీర ధర కట్టేటప్పుడు నూలు ఉంటుంది, రంగు ఉంటుంది, నేత కూలి ఉంటుంది. ఈమె చెయ్యి ఏ వరసలోనూ లేదు. మరి ధరే లేని పనిని తప్పించే యంత్రానికి ఎంత ధర పెట్టాలి? నొప్పి ఒకరిది, డబ్బు ఇంకొకరి చేతిలో. డిజైన్ చదువుల్లో 'వాడేవాళ్ల అవసరం' అని తెగ చెబుతారు గానీ, వాడేవాళ్లూ కొనేవాళ్లూ ఒకే ఇంట్లో ఇద్దరు వేరు మనుషులైతే ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు. చేత్తో నాలుగైదు గంటలు పట్టే ఆసు యంత్రం మీద గంటన్నరలో అయిపోతుంది. యంత్రాన్ని ఆమె భుజం కోసం చేశారు. ఇంటి యజమాని కొన్నది, నా అంచనాలో, ఆ మిగిలిన గంటల కోసం. ఇందులో తప్పేమీ లేదు. అమ్మ మీద ప్రేమ ఒక్కటే ఉంటే శారాజీపేటలో ఒక్క యంత్రం ఉండేది. గంటల లెక్క కూడా కుదిరింది కాబట్టే ఇన్ని ఇళ్లలోకి వచ్చింది.

పక్క గదిలో ఆ యంత్రమే తిరుగుతోంది. సన్నటి మోటారు చప్పుడు, పుల్ల మారినప్పుడల్లా ఒక చిన్న టిక్కు. పోగు కిందికీ పైకీ పోతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. ముసలమ్మ దాని పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పోగు తెగితే యంత్రం ఆపి ముడేస్తుంది. ఆమె పని ఇప్పుడు ఇంతే.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. కరెంటు పోయింది.

నా చూపు తలుపు వారన ఉన్న పాత ఆసు మీదికి పోయింది. అది చూసి ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎనకట గుడ్డి దీపం పెట్టుకొని పోసిన. ఇప్పుడెందుకు? వచ్చినప్పుడే వస్తది."

చింతపండు పళ్లెం పక్కన పెట్టి, గోడకు జారబడి, కాళ్లు బార్లా చాపుకుంది. లోపలి కోడలికి వినబడేలా, ఇద్దరికి చాయ్ పెట్టమంది.