ఐరిస్ గుర్తింపు

ఐరిస్ గుర్తింపు అనగా కనుపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని చిత్రించి, వ్యక్తిని నిర్ధారించే పద్ధతి. దీని గణిత విధానాన్ని 1990వ దశకంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డాగ్‌మన్ రూపొందించాడు.

పనిచేయు విధానం

కెమెరా సమీప పరారుణ కాంతిలో కంటిని చిత్రిస్తుంది. ఐరిస్‌లోని అల్లికలు 2,048 బిట్ల సంకేతంగా మారతాయి. వేర్వేరు కళ్ళ సంకేతాలలో దాదాపు సగం బిట్లు విభేదిస్తాయి. ఈ తేడా మూడింట ఒక వంతు కంటే తక్కువైతే రెండు చిత్రాలూ ఒకే కంటివని భావిస్తారు.

వినియోగం

ఆంధ్రప్రదేశ్‌లో 2005లో రేషన్ కార్డుల కొరకు ఈ పద్ధతిని చేపట్టారు. 2010లో మొదలైన ఆధార్ నమోదులో పది వేలిముద్రలతో పాటు రెండు కళ్ళ ఐరిస్‌లనూ సేకరిస్తున్నారు. వయసు వల్ల, కాయకష్టం వల్ల వేలిముద్రలు అరిగిన వారికి ఇది ప్రత్యామ్నాయం.

పరిమితులు

శుక్లాల శస్త్రచికిత్స తరువాత పోలిక కుదరకపోవచ్చు. గుర్తింపు విఫలమైన కారణంగా అర్హులకు రేషన్ నిరాకరించరాదని కేంద్ర ప్రభుత్వం 2017 అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది.