బూడిద దిబ్బల దగ్గరి ఎముకలు

పోయిన దేవరకు మా మనవడు పొట్టేటి కూర ముట్టలేదు. "దీనికి మేతేసింది నువ్వే గదా తాతా, ఎట్ల తింటావు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మోకలో మా ఇంటిముందు వేపచెట్టుకు కట్టేసి నేనే పెంచిన పొట్టేలది. పక్కింటి లింగాయతుల పెద్దాయన నవ్వి, "పిల్లోడు మంచి దావ పట్టినాడు. పూర్వం అందరూ ఇట్లనే ఉండేవాళ్లు" అన్నాడు.

ఉండేవాళ్లా? ఆ మాట నన్ను వదలలేదు.

బళ్లారి పక్కన సంగనకల్లు గుట్టల మీద దాదాపు 4000 ఏండ్ల కిందటే మనుషులు రాతిగొడ్డళ్లు చేసుకుంటూ బతికారు. హోసపేట దారిలో కుడితిని దగ్గర పెద్ద బూడిద దిబ్బ ఉంది. హంపి దగ్గర నింబాపురంలో ఇట్లాంటి దిబ్బనే వాలి చితాభస్మమంటారు. అది కాలిన పేడ అని 19వ శతాబ్దంలోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ చెప్పాడు. 1957లో ఆల్చిన్ పాలమూరు వైపు ఉట్నూరులో తవ్వితే, బూడిదలో పశువుల గిట్టల గుర్తులు కనిపించాయి. దొడ్లలో పోగైన పేడను వాళ్లు మళ్లీ మళ్లీ కాల్చారు. అదొక పండగ అని కొందరి ఊహ.

పశువును అంతగా చూసుకున్నవాళ్లు దాన్ని తినలేదా? తిన్నారు. సురపురం సీమలోని బూదిహాళలో పద్దయ్యగారి తవ్వకాల్లో పశువులను కోసిన నేలే ఎముకలతో సహా బయటపడింది. సంగనకల్లు మట్టిలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు కూడా దొరికాయి. మన ఉలవచారు నిన్నమొన్నటిది కాదన్నమాట!

విజయనగరం సంగతి చెప్పనక్కరలేదు. మహానవమి చివరిరోజు 250 దున్నలను, 4500 గొర్రెలను బలిచ్చారని 1520 ప్రాంతంలో వచ్చిన పేస్ రాశాడు. రాజులు గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటారని ఆ తర్వాత నూనిజ్ రాశాడు.

కాబట్టి పూర్వం పేరు చెప్పి, తినేవాళ్లను తక్కువ చేయడానికి ఆధారం లేదు. గుంతకల్లు దగ్గరి కొనకొండ్లలో గుర్తులు మిగిల్చిన జైనులు గానీ, 12వ శతాబ్దంలో బసవన్న వెంట నడిచిన శరణులు గానీ అందరూ చేసేదాన్ని కాదని నిలబడ్డవాళ్లు. పెద్దాయన గర్వపడాల్సింది అందుకే అని నా అభిప్రాయం. ఆయనతో అన్నాను కూడా. రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత తానే వచ్చి కుడితిని దిబ్బ ఎక్కడని అడిగాడు.

అయితే ఇదంతా నా మనవడికి జవాబు కాదు. నాలుగు వేల ఏండ్లుగా తింటున్నామని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ వాడు అడిగింది ఏండ్ల లెక్క కాదు, నా చేత్తో మేతేసిన పొట్టేలు సంగతి. ఆ దిబ్బల దగ్గర కూడా ఏ పిల్లవాడో ఇట్లాగే అడిగి ఉంటాడనిపిస్తుంది. ఎముకలు అది చెప్పవు.

ఈ ఏడు దేవరకు ఇంకో పొట్టేలును తెచ్చి కట్టేశాం. మేత వాడే వేస్తున్నాడు. దానికి పేరు కూడా పెట్టాడు. ఏం చేయాలో ఇంట్లో ఇంకా ఎవరమూ మాట్లాడుకోలేదు.