కురువిందము – సానరాతి చరిత్ర

వేమూరు ప్రాంతము కృష్ణవేణి తెచ్చిపోసిన ఒండ్రునేల. ఇచ్చట ఎంతలోతు నాగలి దున్నినను రాతిగని కానరాదు. అయినను ఈ సీమ స్త్రీల నగలలోని కెంపునకును, పూర్వము కత్తులకు పదును పెట్టిన సానకును మూలమైన ఖనిజ మొక్కటియే. అదియే కురువిందము.

అల్యూమినియము, ప్రాణవాయువు కలిసి ఈ ఖనిజ మేర్పడినది. నూరు పాళ్లలో మొదటిది 53, రెండవది 47 పాళ్లు. నీటికంటె ఇది నాలుగురెట్లు బరువు. 1812లో మోస్ అను శాస్త్రజ్ఞుడు రచించిన కాఠిన్యపు పట్టికలో దీనిది తొమ్మిదవ స్థానము, పదవది వజ్రము. శుద్ధమైన కురువిందమునకు రంగు లేదు. క్రోమియము లేశమాత్రము చేరిన కెంపగును. ఇనుము, టైటానియము చేరిన నీలమగును. కాంతిలేని మోటురాయి సానకు వినియోగపడును.

తెలుగునాట ఖమ్మము, అనంతపురము జిల్లాలలో ఈ రాయి కలదు. పూర్వపు పనివారు దీనిని దంచి, పొడిచేసి, కరగించిన లక్కతో కలిపి చక్రముగా పోసెడివారు. ఆ చక్రమే సాన. ఆయుధములకు పదును, రత్నములకు మెరుగు దానివలననే కలిగెడివి.

1768 ప్రాంతమున మద్రాసునుండి డాక్టరు ఆండర్సన్, ఎడింబరో నగరమున రత్నములు చెక్కు విలియం బెర్రీకి ఈ రాళ్లను ఒక పెట్టెడు పంపెను. వజ్రము తప్ప తక్కిన రత్నములన్నిటికిని ఈ దేశపు పనివారు దీనితోనే మెరుగు పెట్టుదురని తెలియజేసెను. 1798లో చార్లెస్ గ్రెవిల్ లండను రాయల్ సొసైటీకి దీనిని గూర్చి వ్యాసము సమర్పించెను. దక్షిణదేశ భాషలలోని ‘కురుందము’ అను పేరే ‘కోరండం’ అయి ప్రపంచమంతటను నిలిచినది. కెంపు, నీలము, సానరాయి ఒకే ఖనిజమని 1802లో బూర్నాన్ నిరూపించెను. మన ప్రాచీనులు కెంపును సైతము కురువిందమని వ్యవహరించుట ఇచ్చట గమనింపదగినది.

1891లో అమెరికాలో అచెసన్ విద్యుత్కొలిమియందు ఒక క్రొత్త కఠిన పదార్థమును కనుగొని, కార్బన్, కోరండం పేర్లను కలిపి దానికి ‘కార్బొరండం’ అని పేరిడెను. యంత్రాగారముల చౌకచక్రములు వచ్చినకొలది లక్కసాన వెనుకబడినది. 1902లో వెర్నాయ్ అల్యూమినా పొడిని జ్వాలలో కరగించి కెంపులు చేయు విధానమును వెల్లడించెను. గడియారపు ఇరుసులు అరగకుండ ఆ కృత్రిమపు కెంపులు అమర్చబడెను. 1960లో మైమన్ నిర్మించిన తొలి లేసరునకు ఆధారమైనదియు అట్టి కెంపుకడ్డియే.

ఈ చరిత్రలో పెట్టె నందుకొన్న బెర్రీ పేరు, వ్యాసము వ్రాసిన గ్రెవిల్ పేరు నిలిచినవి. రాతిని గుర్తించి, దంచి, సానగా మలచిన మనవారి పేర్లు మిగులలేదు. వారికి విద్య కొరత లేదు, వ్రాత కొరత. గ్రామమందలి వృత్తివిద్యలను ఎరిగినవారు ఉండగనే అడిగి వ్రాయించి భద్రపరచుట గ్రంథాలయములు చేయదగిన సేవ.